లోడు మీద చూసేవా?

కంప్రెసర్ మొదలవబోయి ఆగిపోయే ముందు ఒక శబ్దం చేస్తుంది. ఊఁ... అని, బరువు ఎత్తలేక వదిలేసే మనిషిలా, రెండు సెకన్లు. ఆ తర్వాత టక్‌మని ఒక క్లిక్. తర్వాత ఉత్త ఫ్యాను గాలి, అదీ వేడిగా. 2024 జూన్‌లో, లేనియర్ సరస్సులో కట్టేసి ఉన్న ఒక పాత పడవ క్యాబిన్‌లో కూర్చుని ఆ శబ్దాన్ని మూడు వారాంతాల్లో ఓ నలభై సార్లయినా విని ఉంటాను. నాకు అదేమీ చెప్పలేదు. మా నాన్న ఒక్కసారి విన్నాడు.

"మోటారు మూలుగుతోందిరా. దానికి కరెంటు చాలట్లేదు," అన్నాడు.

నేను నమ్మలేదు. నా చేతిలో మల్టీమీటర్ ఉంది. అందులో 119 అని కనిపిస్తోంది. అమెరికాలో 120 వోల్టులకి 119 అంటే ఎవరూ వంక పెట్టరు.

పడవ నాది కాదు, అన్నది. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. ఎమ్మెస్‌లో నాకంటే రెండు సెమిస్టర్లు సీనియర్. నేను దిగిన రోజున ఎయిర్‌పోర్టుకి వచ్చి, దార్లో రైస్ కుక్కర్ కొనిపెట్టిన దగ్గర్నుంచి అన్న. 1990లలో తయారైన 34 అడుగుల క్యాబిన్ క్రూజర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దాని ధర వాళ్ళింట్లో రెండో కారు ధరకంటే తక్కువ. ఎందుకు తక్కువో తర్వాత నెలకొకటి చొప్పున తెలిసొచ్చింది.

సరస్సంటున్నాను గానీ అది రిజర్వాయరు. అట్లాంటాకి ఉత్తరాన చట్టహూచీ నది మీద 1950లలో బ్యూఫర్డ్ డ్యామ్ కట్టినప్పుడు నిండింది. సిడ్నీ లేనియర్ అనే కవి పేరు పెట్టారు. ఒక రిజర్వాయరుకి కవి పేరు పెట్టిన దేశమా అని మొదట మురిసిపోయాను. ఆ కవి అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన పక్షాన తుపాకీ పట్టాడని తెలిశాక ఆ మురిపెం కొంచెం తగ్గింది. ఇప్పుడు దాని చుట్టుపక్కల కమ్మింగ్, ఆల్ఫరెటాల నిండా మనవాళ్ళే. శనివారం సాయంత్రం డాక్ మీద నడుస్తుంటే ఏదో ఒక పడవలోంచి పోపు వాసన వస్తుంది.

జార్జియా ఎండాకాలం మన రాజమండ్రికి తీసిపోదు. నాలుగు పక్కలా ఫైబర్‌గ్లాస్, అడుగున నీళ్ళు, కిటికీలు అరచేయంత. ఏసీ లేకపోతే ఆ క్యాబిన్‌లో ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే.

పడవ ఏసీ మన ఇంటి ఏసీ లాంటిదే, ఒక్క తేడా. ఇంటిది గదిలో వేడిని తీసుకెళ్ళి బయటి గాలిలో పారేస్తుంది. పడవది సరస్సులో పారేస్తుంది. పడవ అడుగున ఒక రంధ్రం, దానికో వాల్వు, ఒక జల్లెడ, ఒక చిన్న పంపు. ఆ పంపు నీళ్ళని లాగి గొట్టాల్లో తిప్పి, వేడెక్కినవాటిని పడవ పక్కనుంచి మళ్ళీ సరస్సులోకి వదుల్తుంది. అందుకని ఏసీ చల్లబరచకపోతే పడవవాళ్ళు ముందుగా బయటికి వంగి ఆ నీటి ధార చూస్తారు. ధార సన్నగా ఉంటే జల్లెడలో నాచు పట్టినట్టు. మాది చక్కగా, లావుగా పడుతోంది. కాబట్టి గొడవ నీళ్ళతో కాదు.

అన్న పిలిపించిన టెక్నీషియన్ పది నిమిషాలు చూసి, కంప్రెసర్ పోయింది, మొత్తం యూనిట్ మార్చాలి, నాలుగున్నర వేల డాలర్లు అన్నాడు. ఆ రాత్రే అన్న ఫోన్ చేశాడు. "ఒరే, నువ్వు ట్రిపుల్ ఈ కదరా?"

ఆ మాట విని పదిహేనేళ్ళయింది. అవును, నేను ట్రిపుల్ ఈ. 2005లో చేరి 2009లో బయటపడ్డాను. ఇండక్షన్ మోటారు ఈక్వివలెంట్ సర్క్యూట్ నిద్రలో లేపి అడిగినా గీసేవాణ్ణి. నాలుగేళ్ళలో ఒక్క ప్లగ్గు కూడా విప్పి బిగించలేదు. ల్యాబ్‌లో కనెక్షన్లు ఇచ్చేది అటెండరు, రీడింగులు రాసుకునేది మేము. ఆ బ్రాంచి ఎంచుకున్నది నేను కాదు, నాన్న. ఆయన కరెంటాఫీసులో హెల్పరుగా చేరి, లైన్‌మ్యాన్ అయి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. కొడుకు ఏఈ కావాలని కోరిక. జీపు దిగే ఏఈ. క్యాంపస్‌కి సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చి, ఏ బ్రాంచి అయినా ఫర్వాలేదు అంది. నేను వెళ్ళిపోయాను. నాన్న ఏమీ అనలేదు. "మంచిదేలే, ఏసీ గదిలో ఉద్యోగం," అన్నాడు, అంతే. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇప్పటికీ నాకు తేల్లేదు.

కాబట్టి అన్నకి ఔనన్నాను. మల్టీమీటర్ కొన్నాను. సాఫ్ట్‌వేర్‌వాడు ఎలా చేస్తాడో అలాగే చేశాను: వీడియోలు చూశాను, ఒక్కోటీ మార్చి మళ్ళీ ఆన్ చేశాను. కెపాసిటర్ బలహీనపడితే కంప్రెసర్ లేవలేక ఇలాగే మూలుగుతుందని ఎవరో చెప్తే కొత్తది తెప్పించి వేశాను. మళ్ళీ ఊఁ, మళ్ళీ టక్. కంట్రోలర్ బోర్డు మీద అనుమానం వచ్చింది. అది రెండొందల డాలర్లు. ప్రతిసారీ నోట్‌బుక్‌లో తేదీ, వోల్టేజీ రాసుకున్నాను. డాక్ దగ్గర 121, పడవ ప్యానెల్లో 119. డాక్ దగ్గర 121, పడవలో 119. మూడు వారాల నోట్సు, ఒకే రెండంకెలు.

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. రాబర్ట్ పిర్సిగ్ 1974 నాటి పుస్తకం 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' గురించి ఒకప్పుడు నేనొక పొడుగాటి వ్యాసం రాశాను. యంత్రాన్ని ఓపిగ్గా వినడం గురించీ, బాగుచేసేవాడి మనసు గురించీ చాలా ఎత్తు మీద నిలబడి రాశాను. ఆ వ్యాసం రాసేనాటికి మా ఇంట్లో కారే కుళాయి ఒకటి ఆర్నెల్లుగా కారుతోంది. పడవ అడుగున మోకాళ్ళ మీద పాకుతుండగా అది గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ పుస్తకంలో తండ్రి బాగుచేస్తుంటాడు, కొడుకు వెనక సీట్లో విసుక్కుంటుంటాడు. మా ఇంట్లో సీను తిరగబడింది. విజిటర్ వీసా మీద మే నెలలో వచ్చిన నాన్న సోఫాలో కూర్చుని, ఇంటి ఎదుట ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాని కిటికీలోంచి చూస్తూ విసుక్కుంటున్నాడు. "ఒక్క మనిషి కూడా రాడేంట్రా దాని దగ్గరికి?" అనేవాడు.

ఆ ఆదివారం ఆడవాళ్ళు గుడికి వెళ్తే, ఒంటరిగా వదల్లేక నాన్నని పడవకి తీసుకెళ్ళాను. అందుకే తీసుకెళ్ళాను, సాయానికి కాదు. అది రాయకపోతే అబద్ధమవుతుంది.

"119 ఎప్పుడు చూసేవు?"

"ఇప్పుడే, నీ ఎదురుగానే కదా."

"ఇప్పుడంటే? మోటారు ఊరుకున్నప్పుడా, మూలుగుతున్నప్పుడా?"

నేను మాట్లాడలేదు.

"లోడు మీద చూసేవా?"

చూడలేదు. మూడు వారాల నోట్సులో ఒక్క రీడింగు కూడా లోడు మీద తీసింది కాదు. కంప్రెసర్ లేవకముందో, పడిపోయిన తర్వాతో, తాపీగా, చేయి వణక్కుండా తీసినవే అన్నీ.

నాన్న కథ చెప్పడం మొదలుపెట్టాడు. లైను చిట్టచివర ఊళ్ళు. సాయంత్రం ఊరంతా లైట్లు వేసుకుని, చేలల్లో మోటార్లు ఆన్ చేస్తే వోల్టేజీ పడిపోయేది. మోటార్లు లేవలేక మూలిగి, వైండింగు కాలి, రైతు వైండింగు షాపుకి మోసుకుపోయేవాడు. కంప్లైంటు ఇస్తే ఆఫీసరు మధ్యాహ్నం భోంచేసి వచ్చి, మోటార్లన్నీ ఆగి ఉన్నప్పుడు మీటరు పెట్టి, ఉందిగదయ్యా రెండొందల ఇరవై, అని రాసుకుపోయేవాడు. నాన్న మీటరుని నమ్మేవాడు కాదు. హోల్డరుకి రెండు వైర్లు కట్టి 200 వాట్ల బల్బు తగిలించుకుని తిరిగేవాడు. బల్బు ఎర్రగా వెలిగిందంటే ఎక్కడో అతుకు చెడింది. "మీటరు కరెంటు తాగదురా. తాగనోడికి నీళ్ళు ఉన్నట్టే కనిపిస్తాయి."

సరే, ప్యానెల్ విప్పి, మీటరు తీగలు పెట్టి పట్టుకున్నాను. అన్న ఏసీ ఆన్ చేశాడు. ముందు ఫ్యాను, తర్వాత నీళ్ళ పంపు, నిమిషం తర్వాత కంప్రెసర్. ఊఁ... 119 కాస్తా 93 అయింది. క్లిక్. మళ్ళీ 119.

ఆ అంకె చూసినప్పుడు కడుపులో ఏదో జారినట్టయింది. ఇండక్షన్ మోటారు టార్కు వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుందని మూడో సంవత్సరం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. వోల్టేజీ నాలుగో వంతు కన్నా కాస్త తక్కువ పడితే బలం నూటికి అరవైకి పడిపోతుంది. ఆ అరవైతో కంప్రెసర్ లేవదు. ఆ సమీకరణం నాకు తెలుసు. ఆ సమీకరణం చేసే శబ్దం నాన్నకి తెలుసు.

అన్నని డాక్ మీద పెట్టె దగ్గర మీటరుతో నిలబెట్టి మళ్ళీ ఆన్ చేశాం. అక్కడ 117. అంటే సరఫరా బాగానే ఉంది. పెట్టెకీ ప్యానెల్‌కీ మధ్య ఎక్కడో పాతిక వోల్టులు మాయమవుతున్నాయి. మధ్యలో ఉన్నవి మూడే: 50 అడుగుల పసుపు కేబులు, దాని చివర మెలితిప్పి బిగించే కనెక్టరు, అది దూరే ఇన్‌లెట్.

ఈ లోపలే ఆ పని జరిగింది. ప్యానెల్ వెనక వైర్లు అడ్డంగా ఉన్నాయని, నాకు బాగా కనిపించాలని, నాన్న చెయ్యి పెట్టి ఒక నల్ల వైరుని పక్కకి జరపబోయాడు. నేను ఆయన మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. తల క్యాబిన్ తలుపు చెక్కకి తగిలింది.

"ఏం చేస్తున్నావ్? బుద్ధుందా?" అని అరిచాను. ఆయన నన్ను ఎప్పుడూ అనే మాట, ఆయన గొంతుతోనే.

"నలుపు, న్యూట్రలే కదరా!" అన్నాడు నాన్న. నలభై ఏళ్ళు ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. అమెరికాలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రలు. పడవలో ఇంకా దారుణం: బ్యాటరీ కరెంటుకి నలుపు నెగటివ్, ఒడ్డు కరెంటుకి నలుపు ఫేజు. రెండూ ఒకే ప్యానెల్ వెనక, ఒకే మందంలో. ఈ గందరగోళం తప్పించడానికే కొత్త పడవల్లో బ్యాటరీ నెగటివ్‌కి పసుపు వాడమంటున్నారు. ఇది 1990ల పడవ. ఆ వైరు మీద ఇన్సులేషను సరిగ్గానే ఉంది, ఏమీ అయ్యేది కాదేమో. కానీ దాని చివర టెర్మినల్‌కి తొడుగు లేదు. ఆయన వేలికీ దానికీ మధ్య అంగుళం ఉంటుంది.

నాన్న నుదురు రుద్దుకుంటూ కాసేపు బయట కూర్చున్నాడు. తప్పు ఆయనది కాదు. ఇక్కడ రంగులు మారతాయని ముందే చెప్పాల్సింది నేను. సాయానికి తీసుకురాలేదు కాబట్టి చెప్పాలని తోచలేదు.

తిరిగి లోపలికి వచ్చి, ఏమీ జరగనట్టు, "కేబులు చేత్తో పట్టుకుని చూసేవా?" అన్నాడు. బ్రేకరు కట్టేసి, కేబులు పొడుగునా తడుముకుంటూ పోయాం. డాక్ వైపు చల్లగా ఉంది. పడవ వైపు కనెక్టరు గోరువెచ్చగా. విప్పి చూస్తే కనెక్టరు మొహం మీద ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి ఉబ్బింది. ఇన్‌లెట్ పిన్నుల్లో ఒకటి నల్లబడింది. వెనక్కి తిప్పి చూస్తే వైరు బిగించిన స్క్రూ వదులు, రాగి పచ్చగా పొట్టు లేస్తోంది.

"బ్రేకర్ ఎందుకు పడలేదు బాబాయ్ గారూ?" అని అన్న అడిగాడు. మంచి ప్రశ్న. బ్రేకరు చూసేది ఎంత కరెంటు పోతోందన్నదే. చెడిపోయిన అతుకు కరెంటుని పెంచదు, తగ్గిస్తుంది. కాలుతున్నది బ్రేకరుకి కనిపించదు. ఇంటికొచ్చాక లెక్క వేశాను. ఆ అతుకు నిరోధం సుమారు 0.4 ఓమ్‌లు. కంప్రెసర్ ఎలాగోలా లేచి 12 ఆంపియర్లతో నడిస్తే, ఆ వేలెడు ప్లాస్టిక్‌లో దాదాపు 58 వాట్ల వేడి. పాతకాలం అరవై క్యాండిల్ బల్బుని కనెక్టరు లోపల రాత్రంతా వెలిగించి, పైన ఫైబర్‌గ్లాస్ గదిలో పిల్లల్ని పడుకోబెట్టడం అన్నమాట. పోయినేడాది వేసవిలో వాళ్ళు అలాగే పడుకున్నారు.

కొత్త ఇన్‌లెట్, కేబులుకి కొత్త కనెక్టరు, పడవలకి వాడే కళాయి పూత వైరు, నొక్కి బిగించే లగ్గులు తెచ్చాం. బిగించే ముందు నాన్న ఎల్సీ కావాలన్నాడు. లైన్ క్లియర్. బ్రేకరు కట్టేస్తే చాలదు, అన్న డాక్ మీదికి పోయి కేబులు పూర్తిగా పీకి, ఆ చివర చేత్తో పట్టుకుని, ఇవతలకి కనిపించేలా ఎత్తి చూపించి నిలబడాలి. మేం పని అయిందనేదాకా కింద పెట్టకూడదు. అన్న నవ్వాడు గానీ నిలబడ్డాడు. నేను నవ్వలేదు. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో స్తంభాలన్నీ పడిపోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాన్న రోజుల తరబడి ఇంటికి రాలేదు. చచ్చిపోయిన లైనే కదా అని చెయ్యి వేస్తే, ఎవరో రైసుమిల్లులో జనరేటరు వేసుకున్న కరెంటు వెనక్కి తన్నుకొచ్చి ఆయన పక్కన పనిచేస్తున్న మనిషి స్తంభం మీదనుంచి పడ్డాడు. ఆ సంగతి నాన్న నాకెప్పుడూ చెప్పలేదు, అమ్మ చెప్పింది.

లగ్గులకి సోల్డరింగు చెయ్యకపోవడం మాత్రం ఆయనకి నచ్చలేదు. పడవ ఎప్పుడూ అదురుతుంటుంది, సోల్డరు చేసిన చోట వైరు బిరుసెక్కి విరుగుతుంది, అందుకే నొక్కి బిగిస్తారు అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఊగేదానికి ఊగే అతుకు," అన్నాడు. నేను చెప్పింది ఆయన ఒప్పుకున్నది ఆ రోజు మొత్తం మీద అదొక్కటే.

సాయంత్రం నాలుగింటికి ఆన్ చేశాం. ఫ్యాను. పంపు. నిమిషం. వోల్టేజీ 112కి ఒక్కసారి వంగి, 116 దగ్గర నిలబడింది. కంప్రెసర్ మూలగలేదు, లేచింది. పావుగంటలో క్యాబిన్ అద్దాల మీద చెమ్మ పట్టింది. అన్న నన్ను కౌగిలించుకుని, తర్వాత నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఇది బాగానే ఉండేది.

నాన్న డాక్ మీద నిలబడి పడవనీ నీళ్ళనీ చూస్తున్నాడు. "అది సరే. దీనికి ఎర్తు ఎక్కడుందిరా?"

మన ఊళ్ళో ఎర్తు అంటే ఒక గొయ్యి. అందులో జీఐ పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ. ఎండాకాలం అందులో రెండు బిందెలు నీళ్ళు పొయ్యాలి. నీళ్ళ మీద తేలేదానికి గొయ్యెక్కడ? కేబుల్లోనే మూడో వైరు, ఆకుపచ్చది, ఒడ్డుకి తిరిగి వెళ్తుందని చెప్పాను. "అదీ ఆ అతుకులోంచే కదా వచ్చింది? అది కూడా పచ్చగా పొట్టు లేచిందే ఉంది?"

ఉంది. మేం మార్చింది మూడు స్క్రూలూ.

పక్క పడవలో పెద్దాయన ఒకడు ఉంటాడు, నౌకాదళంలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. పొద్దున్నుంచీ మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. నేను సంగతి చెప్తుంటే మధ్యలోనే లోపలికి పోయి ఒక క్లాంప్ మీటరు తెచ్చాడు. నాన్న మొహం వెలిగింది. "టాంగ్ టెస్టరు!"

పెద్దాయన దాన్ని విప్పి, మొత్తం పసుపు కేబులు చుట్టూ తగిలించాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. టాంగ్ టెస్టరుని ఒక్క వైరు చుట్టూనే వెయ్యాలి. పోయే వైరూ వచ్చే వైరూ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. కొత్తగా చేరిన హెల్పర్లు చేసే తప్పది. పెద్దాయన వేలితో ఆగమన్నట్టు సైగ చేసి, సున్నా చూపించి, తర్వాత వేలితో నీళ్ళకేసి చూపించాడు.

నాన్నకి రెండు సెకన్లు పట్టింది. నాకు ఇంకా ఎక్కువ పట్టింది. "పోయిందంతా తిరిగొస్తే సున్నా," అన్నాడు నాన్న నెమ్మదిగా. "సున్నా రాలేదంటే, మిగిలింది నీళ్ళ దారిన పోతున్నట్టు."

ఒక్కో బ్రేకరూ వేసుకుంటూ పోయాం. ఏసీ: సున్నా. బ్యాటరీ చార్జరు: సున్నా. లైట్లు: సున్నా. నీళ్ళ హీటరు వెయ్యగానే 0.09.

90 మిల్లీ ఆంపియర్లు. కొత్త ఇన్‌లెట్‌తో, మూడో వైరు శుభ్రంగా బిగించిన తర్వాత. ఇళ్ళల్లో బాత్రూము సాకెట్లు 5 దగ్గరే ట్రిప్పవుతాయి. కొత్త పడవల్లో పెట్టే లీకేజీ బ్రేకరు 30 దగ్గర పడుతుంది. ఈ పడవకి అది లేదు. ఆ పాత డాక్‌కీ లేదు.

ఆ 90 అంతా ఒక మనిషి ఒంట్లోంచి పోదు, నీళ్ళలో పరుచుకుంటుంది. కానీ ఇది మంచినీటి సరస్సు. సముద్రంలోనైతే ఉప్పునీళ్ళు మనిషి ఒంటి కన్నా బాగా కరెంటు మోస్తాయి, కరెంటు మనిషిని వదిలేసి చుట్టూ పోతుంది. మంచినీళ్ళు అంతగా మొయ్యవు. అందులో ఉప్పగా ఉండే వస్తువు మనిషే. కరెంటు మనిషిని వెతుక్కుంటుంది. పదిహేను, ఇరవై మిల్లీ ఆంపియర్లకే కండరాలు మాట వినడం మానేస్తాయి. ఈత వచ్చినవాడు కూడా అరవకుండా మునిగిపోతాడు, ఒంటి మీద గుర్తేమీ ఉండదు. 2023 జూలైలో ఇదే సరస్సులో డాక్ మీదనుంచి దూకిన ఒక 24 ఏళ్ళ కుర్రాడు ఇలాగే పోయాడు. వార్త అందరం చదివాం. వాట్సాప్ గ్రూపులో పంచుకున్నాం కూడా.

"అంతర్వేది దగ్గరైతే ఫర్వాలేదన్నమాట," అన్నాడు నాన్న. ఎవరూ బదులు చెప్పలేదు. నేనూ అన్నా ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం.

మే చివర్లో, నాన్నావాళ్ళు వచ్చిన కొత్తలో, ఇదే పడవ వెనక మెట్టు మీదనుంచి పిల్లలు నీళ్ళలోకి దూకారు. డాక్ దగ్గర ఈదకూడదని బోర్డు ఉంది. అది ఇన్సూరెన్స్ కోసం పెట్టిన బోర్డనుకున్నాం. ఐదు నిమిషాలే కదా అనుకున్నాం. మా పాపకి ఏడేళ్ళు. లైఫ్ జాకెట్ వేశాను, రెండుసార్లు బకిల్ లాగి చూశాను. పసుపు కేబులు తగిలించే ఉంది. ఆ రోజు మూడో వైరు అతుకు పాడైపోయే ఉంది.

"హీటర్ వెయ్యలేదురా ఆ రోజు," అన్నాడు అన్న. "సమ్మర్లో హీటర్ ఎవడు వేస్తాడు?"

రాత్రి వాళ్ళింట్లో భోజనాల దగ్గర వదిన మామూలుగానే అంది: "అదేంటి, ఆ రోజు బిర్యానీ గిన్నెలు జిడ్డు వదల్లేదని వేడి నీళ్ళతోనే కడిగాను కదా?" అన్న పెరుగు వడ్డించుకుంటూ ఆగిపోయాడు. గిన్నెలు కడిగింది పిల్లలు దూకకముందా, తర్వాతా అని నేను అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. నా మూడు వారాల నోట్సులో హీటరు స్విచ్చి గురించి ఒక్క ముక్క కూడా లేదు.

హీటరు విప్పి చూస్తే ఎలిమెంటు పైతొడుగు పగిలి ఉంది. దాన్ని పీకేశారు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ వచ్చి లీకేజీ బ్రేకరు పెట్టి వెళ్ళాడు. కంప్రెసర్ పోయిందన్న టెక్నీషియన్ మీద అన్నకి ఇప్పటికీ కోపమే. నాకు లేదు. నేను మూడు వారాలు చూసి కెపాసిటర్ అన్నాను. అతను పది నిమిషాలే చూశాడు.

ఇండియా వెళ్ళేముందు ఆగస్టులో నాన్న ఇంకోసారి పడవ ఎక్కాడు. ప్యానెల్ తలుపు తీయించి, లోపల తెల్ల టేపు అంటించి మార్కరుతో రాశాడు. ఒక చోట: నలుపు - కరెంటు ఉంది. ఇంకో చోట: ఇదీ నలుపే - బ్యాటరీది. ఆ ఎలక్ట్రీషియనుకి ఇంగ్లీషే వచ్చునని అన్న అన్నాడు. "నాకు వచ్చు కదా," అన్నాడు నాన్న.

ఆ రోజు డాక్ వదిలి, సరస్సు మధ్యలో ఒక మూలకి పోయి లంగరు వేశాం. కేబులు ఒడ్డునే ఉండిపోయింది. జనరేటరు లేదు కాబట్టి ఏసీ కూడా లేదు. పాప వెనక మెట్టు మీద నిలబడి, దూకనా దూకనా అని గంతులేస్తోంది.

"వైరు పీకేసేవా?" అన్నాడు నాన్న.

"పీకేశాను నాన్నా. ఒడ్డున చుట్ట చుట్టి పెట్టాను."

"నువ్వు చుట్టేవా, అన్న చుట్టేడా?"

"నేనే."

పాప దూకింది. నాన్న చొక్కా విప్పి భుజం మీద వేసుకుని, పడవ మాన్యువల్ తీసి విసురుకుంటూ, అది మళ్ళీ పైకి తేలేదాకా నీళ్ళకేసే చూస్తూ కూర్చున్నాడు.